ముందు చక్రాల దగ్గర టకటక

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారు ముందు వైపు టకటకమంటోందనీ, రెండు షాక్ అబ్సార్బర్లు మార్పించినా ఆగలేదనీ మీ అమ్మ చెప్పింది. మరో పార్టు కొనే ముందు ఇది చదువు.

ఏది పోయిందన్న సంగతి తర్వాత. శబ్దం ఎప్పుడొస్తోందో ముందు తేల్చు. పాటలు, ఏసీ కట్టేసి, అద్దాలు దించి, పక్కన ఒకర్ని కూర్చోబెట్టుకుని నెమ్మదిగా నడుపు. అంతకన్నా ముందు చక్రాల నట్ల బిగింపు చూసుకో. బానెట్ కింద బ్యాటరీని, ఇంజను కింది ప్లాస్టిక్ కవరును చేత్తో కదిపి చూడు. నవ్వకు, అవి కూడా సస్పెన్షన్ పోయినట్టే మోగుతాయి.

ఇక స్పీడ్ బ్రేకర్ దగ్గరికి పద. రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా తిన్నగా పోనిచ్చి విను. తర్వాత ఒక్క చక్రాన్నే గుంతలో దించి విను. మొదటిసారి నిశ్శబ్దం, రెండోసారి టక్కుమంటే నా అనుమానం స్టెబిలైజర్ బార్, అంటే రెండు ముందు చక్రాల సస్పెన్షన్‌నీ కలిపే అడ్డకడ్డీ, దాని చివర్ల ఉండే లింక్ రాడ్ల మీద. రెండు చక్రాలూ కలిసి లేస్తే ఆ బార్ మెలి తిరగదు, లింకులకు పనే ఉండదు. ఒకటే లేచినప్పుడు బార్ మెలి తిరిగి, ఆ లోడు వాటి మీద పడుతుంది. మీ మెకానిక్ చేత రెండు లింకులూ విప్పించి, ఖాళీ చోట నడక వేగంతో తిప్పి చూడొచ్చు. అలా విప్పి మాత్రం రోడ్డెక్కకు, మలుపుల్లో కారు బాగా వాలుతుంది.

స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలినప్పుడు కటకటమంటే యాక్సిల్ బయటి జాయింటు. దాని రబ్బరు బూటు చిరిగి గ్రీజు చిమ్మిందేమో చూడు. వేగంతో పాటు పెరిగే గుయ్‌మనే మోత అయితే బేరింగో, అరిగిన టైరో. టైర్లు ముందూ వెనకా మార్చి చూస్తే ఏదో తెలిసిపోతుంది.

నేనూ ఒకసారి మోసపోయాను. గతుకుల్లో గలగలమంటోందని చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్ములు మార్పించాను, ఏం లాభం లేదు. ఒకరోజు గతుకుల మీద బ్రేకు కాస్త నొక్కి పట్టుకుంటే శబ్దం ఠక్కున ఆగింది. బ్రేకు ప్యాడ్లు వాటిని పట్టి ఉంచే క్యాలిపర్‌లో వదులై ఆడుతున్నాయి! ఆ ప్యాడ్లకు క్లిప్పులు వేయించడంతో పోయింది, ఆర్ములు మాత్రం దండగ. నువ్వూ ఆ పరీక్ష చెయ్యి.

చివరికి చక్రం లేపి చూడాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరకు, స్టాండ్లు పెట్టు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడుతోందా, ఒకరిని బ్రేకు తొక్కమను. ఆట ఆగిపోతే బేరింగ్, ఆగకపోతే చక్రం వైపు భాగాన్ని ఆర్ముకు కలిపే బాల్ జాయింటు. పక్కలు పట్టుకుని ఊపితే ఆడేది స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ కావొచ్చు. బాల్ జాయింటుగానీ టై రాడ్‌గానీ వదులైతే కారు అక్కడే ఆపెయ్, అది ఊడితే చక్రం నీ మాట వినదు.

లోయర్ ఆర్మ్ బిగించే చోట ఉండే రబ్బరు బుష్‌లే మార్చాల్సి వస్తే, ఆ బోల్టుల చివరి బిగింపు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చేయమని చెప్పు. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, కారు దించగానే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. ఆ తర్వాత అలైన్‌మెంటు కూడా చేయించు.

స్పీడ్ బ్రేకర్ దగ్గర ఏం వినబడిందో ఫోన్ చేసి చెప్పు.

మీ మావయ్య