క్లినికల్ సైకాలజిస్టుగా, ప్రొఫెసర్‌గా పేరున్నవారు వ్యక్తిత్వ వికాస పుస్తకాలు రాస్తే స్థాయి తగ్గదా?

తగ్గదు. అసలు అలాంటి పుస్తకాలు వాళ్లే రాయాలంటాను. అందులోనూ ఒకసారి భయమనే గోతిలో పడి లేచినవాళ్లు రాయాలి.

క్లినికల్ సైకాలజిస్టు స్టీవెన్ హేస్ సంగతి చూడండి. 1978లో ఆయన అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం, గ్రీన్స్‌బరోలో కుర్ర అధ్యాపకుడు. శాఖ సమావేశంలో పెద్ద ప్రొఫెసర్లు కీచులాడుకుంటుంటే, ఇక ఆపమని చెప్పడానికి చెయ్యెత్తారు. తన వంతు వచ్చేసరికి నోరు తెరుచుకుంది గానీ మాట రాలేదు. గది నిండా మనస్తత్వ శాస్త్రం బోధించేవాళ్లే ఉన్నారు. అదే ఆయనకు మొదటి పానిక్ అటాక్, అంటే ఉన్నట్టుండి ముంచెత్తే తీవ్రమైన భయం. ఆ తర్వాత కొన్నేళ్లపాటు భయం నుంచి పారిపోవడమే పనైందని ఆయనే చెప్పుకున్నారు.

నాకూ అదే జరిగింది. పన్నెండు మంది ముందు ఒక పట్టికలోని అంకెలు చదవాలి, అంతే. మూడో వరుస దగ్గర గొంతు పూడుకుపోయింది. దగ్గు వచ్చినట్టు నటించి బయటికి వచ్చేశాను. ఆ తర్వాత ఎనిమిది నెలలు ప్రతి సమావేశానికీ ఒక సాకు. విన్నవాళ్లంతా "ధైర్యంగా ఉండు" అనేవారు. ధైర్యం ఉంటే ఈ బాధ ఎందుకు? ఇలాంటి సలహాలు ఇచ్చేవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. వేదికలెక్కి చప్పట్లు కొట్టించే వక్తల మీద ఇంకా ఎక్కువ. సభ ముగిసి ఇంటికి వెళ్లాక ఆ మనిషి ఏమయ్యాడో వాళ్లు ఏనాడూ చూడరు. చికిత్స చేసేవాళ్లకు ఆ మనిషి మళ్లీ వారం ఎదురుగా కూర్చుంటాడు. సలహా పనిచేయకపోతే ముఖం మీదే తెలిసిపోతుంది.

హేస్ సామాన్య పాఠకుల కోసం 2005లో తెచ్చిన పుస్తకంలో ఒక అభ్యాసం ఉంది. 'పాలు' అనే మాటను ఆగకుండా, వేగంగా, పైకి అంటూ పోవాలి. కాసేపటికి పాల రుచి, తెలుపు అన్నీ పోయి ఉత్త శబ్దం మిగులుతుంది. దాన్ని వందేళ్ల కిందటే టిచెనర్ అనే మనస్తత్వవేత్త గమనించాడు. హేస్ దాన్ని మనల్ని పొడిచే మాటల మీద ప్రయోగించమంటారు.

నేను ఎంచుకున్న మాట 'పరువు'. తలుపు వేసుకుని పరువు, పరువు, పరువు అంటూ పోయాను. అరనిమిషం దాటాక అది 'వుపరు, వుపరు' అని వినిపించడం మొదలుపెట్టింది. ఇన్ని నెలలు నా గొంతు పట్టుకున్నది ఈ మూడక్షరాలా అనిపించి ఏడుపొచ్చింది.

భయం పోయిందా అంటే, లేదు. దాన్ని వెంటబెట్టుకునే వెళ్లమంటారు హేస్. తర్వాతి సమావేశంలో చేతిలో కాగితం వణుకుతూనే ఉంది. ఇరవై రెండు వరుసలూ చదివి కూర్చున్నాను.