గోడ పక్కన జామ వెయ్యాలా, నూరువరహాలా?

గోడ పక్కన 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు ఖాళీ ఉంది, ఏడాదంతా పచ్చగా ఉండాలి, పని తక్కువ ఉండాలి, జామ మంచిదా నూరువరహాల పొద మంచిదా అని అడిగారు. పచ్చదనం ఒక్కటే చూసుకుంటే రెండూ సరిపోతాయి. జామ సీతాఫలంలా ఆకంతా రాల్చేసి మోడులా నిలబడదు, చలి మరీ ఎక్కువ లేని చోట పాతాకు రాలుతుండగానే కొత్తాకు వేసుకుంటుంది. కాబట్టి తేల్చుకోవాల్సినవి మూడు: ఎండ, మట్టి, కాపు రోజుల్లో మీకుండే తీరిక.

ముందు ఎండ. నాటబోయే చోట రోజుకి కనీసం 6 గంటలు నేరుగా ఎండ పడాలి, లేకపోతే జామ ఆశ వదులుకోండి. నీడలో చెట్టు బతుకుతుంది కానీ వెలుతురు వైపు సాగిపోయి, సన్నటి కొమ్మలతో ఎత్తు పెరుగుతుంది, పూత అంతంత మాత్రమే. ఈ లెక్క వేసవిలో ఒక్కసారి చూసి వదిలేయకండి. చలికాలంలో సూర్యుడు కిందుగా తిరుగుతాడు, గోడ నీడ పొడుగవుతుంది. నూరువరహాలకి 4 గంటల ఎండ చాలు. అంతకన్నా తగ్గితే పూలు పలచబడతాయి, ఆకు మాత్రం నిలుస్తుంది.

మట్టి దగ్గర సంగతి తిరగబడుతుంది. మట్టి పులుపుని కొలిచే ఉదజని సూచిక (pH, 7 కన్నా తక్కువైతే పులుపు నేల) 4.5 నుంచి 8.2 దాకా ఉన్నా జామ తట్టుకుంటుంది. నూరువరహాలకి పులుపు నేల కావాలి, 5 నుంచి 6 మధ్య ఉంటే హాయి. గోడ పక్క మట్టిలో కట్టినప్పుడు పడ్డ సిమెంటు, సున్నం, ఇటుక ముక్కలు ఉంటాయి. అక్కడ నూరువరహాలు పెడితే కొన్ని నెలల్లో లేతాకులు పసుపు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. అది ఇనుము లోపం. చాలామంది ఇది నీళ్ళు చాలకని ఇంకా పోస్తారు, వేర్లు కుళ్ళి మొక్క మరింత పాడవుతుంది. పరీక్ష సులువు: అడుగు లోతు నుంచి గుప్పెడు పొడిమట్టి తీసి దాని మీద నాలుగు చుక్కలు వెనిగర్ వెయ్యండి. బుసబుసమని నురగ వస్తే సున్నం ఉన్నట్టే. అప్పుడు ఒకటిన్నర అడుగుల గొయ్యి తీసి, ఆ మట్టి పారేసి, సగం ఎర్రమన్ను, పావు వంతు ఆకుల ఎరువు, పావు వంతు బాగా చివికిన పశువుల ఎరువు నింపాలి. గోడకి 2 అడుగులు వదిలి, మొక్కకీ మొక్కకీ రెండున్నర అడుగులు ఉంచండి. పొట్టి రకమైతే అడుగున్నర చాలు. పసుపు అప్పటికే వచ్చేసి ఉంటే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయాలి. ముందు ఒక కొమ్మ మీద కొట్టి, రెండు రోజులు చూసి, ఆకు మాడకపోతేనే మిగతా మొక్కకి. 15 రోజులకి మళ్ళీ ఒకసారి. బూడిద, గుడ్డుపెంకుల పొడి ఈ పొదకి వేయనే వద్దు, రెండూ మట్టిలో పులుపుని చంపేస్తాయి. బోరు నీళ్ళు ఆరాక తెల్లటి చారలు వదులుతుంటే వాన నీళ్ళు పట్టి పోయడం మేలు.

జామకి అసలు పని కాపు మొదలయ్యాకే. అంటు మొక్క రెండు మూడేళ్ళలో కాస్తుంది, గింజ మొక్క ఇంకా ఆలస్యం, పైగా పండు ఎలా ఉంటుందో చెప్పలేం. కొనేటప్పుడు కవరు కొంచెం తప్పించి వేర్లు చూడండి. బొడిపెలుంటే అవి నులిపురుగుల (వేర్లలో చేరే కంటికి కనపడనంత సన్నటి పురుగులు) పని, ఎంత బాగున్నా ఆ మొక్క వద్దు. గొయ్యి 2 అడుగుల పొడవు, వెడల్పు, లోతు. పైమట్టిలో 10 కిలోల చివికిన ఎరువు, అరకిలో వేపపిండి కలిపి నింపండి. మొదలు గోడకి కనీసం 6 అడుగుల దూరంలో, మురుగు గొట్టాలకి 10 అడుగుల దూరంలో ఉండాలి. అంటు కట్టిన చోటు మట్టికి 4 అంగుళాలు పైన ఉండాలి. దాని కింద నుంచి వచ్చే చిగుళ్ళు కనపడగానే తీసేయండి.

మొక్క నిలదొక్కుకున్నాక రెండున్నర అడుగుల ఎత్తులో తల తుంచి, నాలుగు వైపులా నాలుగు కొమ్మలు మాత్రం ఉంచండి. మొదటి ఏడాది పూత వస్తే గిల్లేయండి. జామ పూత కొత్త చిగురు మీదే వస్తుంది, అందుకే కాపు అయ్యాక కొమ్మల చివర్లు మూడో వంతు కత్తిరిస్తే మళ్ళీ పూస్తుంది, చెట్టూ 7, 8 అడుగులు దాటదు. కత్తిరించకుండా వదిలేస్తే కాయలన్నీ చేతికందని చోట, గబ్బిలాలకి అనువుగా.

ఇక పండు ఈగ. కాయ పక్వానికి వచ్చే ముందు తొక్క మీద సూదిపోటంత గుర్తు కనిపిస్తుంది, నొక్కితే అక్కడ మెత్తగా ఉంటుంది. లోపల పురుగులు గుజ్జు తిని, కాయ రాలాక మట్టిలోకి దిగి, ఈగలై తిరిగొస్తాయి. వానాకాలం కాపులో ఇది మరీ ఎక్కువ. కాయ నిమ్మకాయంత ఉన్నప్పుడే కాగితం లేదా పలచని గుడ్డ సంచి తొడిగి కట్టాలి, రంగు మారాక తొడిగితే అప్పటికే ఈగ గుడ్లు పెట్టేసి ఉంటుంది. పండు ఈగల్ని వాసనతో రప్పించే మిథైల్ యూజినాల్ ఎర మగ ఈగల్నే పట్టుకుంటుంది, అదొక్కటే చాలదు. రాలిన కాయల్ని రోజూ ఏరి, ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి వారం రోజులు ఎండలో పెట్టండి. కాపు రోజుల్లో రోజుకి పావుగంటైనా దీనికి పెట్టలేనివాళ్ళకి నేను జామ చెప్పను. చెట్టు కింద కుళ్ళిన కాయలు, ఈగలు, చీమలు, మధ్యలో తోట అందం ఏమీ మిగలదు.

నూరువరహాలకి ఏడాదికి ఒకటి రెండు కత్తిరింపులు చాలు, అవీ పూల విడత అయిపోయాకే, కొమ్మలో మూడో వంతు మించకుండా. మొగ్గ కొమ్మ చివర్నే వస్తుంది. నెలకోసారి కంచెలా సమంగా కొట్టేవాళ్ళకి ఆకు గోడ దక్కుతుంది, పూలు దక్కవు. చీమలు బారులు తీరితే ఆకుల వెనక పిండినల్లి వెతకండి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్ళు కలిపి, ఆకు అడుగు తడిసేలా వారానికోసారి, మూడు వారాలు కొట్టండి.

నా మాట అడిగితే: పని తక్కువ అన్నదే మీ మొదటి షరతైతే, మట్టి మార్చి నూరువరహాలు పెట్టండి. ఎండ బాగా ఉండి, పళ్ళ మీద మనసుండి, సంచులు కట్టే ఓపిక ఉంటే జామే, ఆ జాగాలో ఒక్క చెట్టు. రెండూ కావాలంటే పొదల్ని జామ గొడుగు కింద పెట్టకండి. జామ పీచు వేర్లు పైపొరలోనే పాకి ఎరువంతా లాగేసుకుంటాయి, పైనుంచి పిండినల్లి జిగురు కారి కింది ఆకులకి మసి పడుతుంది. జామని ఒక చివర, పొదల్ని రెండో చివర, మధ్య 6 అడుగులు ఖాళీ. ఎప్పుడూ పచ్చగా ఉంటుందని ఎవరైనా గన్నేరు చెబితే, పిల్లలో పశువులో తిరిగే చోట అది వద్దు, ఆకు నుంచి కాయ దాకా విషమే.