గొంతులు ఆగాయి, మతిమరుపు ఎందుకు ఆగలేదు?

స్కిజోఫ్రీనియాకు మందులు మొదలుపెట్టాక మీ తమ్ముడికి చెవిలో మాటలు వినిపించడం ఆగిపోయిందని, కానీ మూడు పనులు చెబితే ఒకటే గుర్తుంటోందని రాశారు. అది బద్ధకమా, మందుల మత్తా అని అడిగారు. బద్ధకం కాదు. మందుల సంగతి చివర్లో చెబుతాను.

ఈ జబ్బు మీద ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను కొలిచే పరీక్ష) పరిశోధన చేసే ల్యాబ్‌లో కొన్నేళ్లు పనిచేశాను. తలకు టోపీ పెట్టి, చెవుల్లో సెకనుకు 40 చొప్పున టిక్ టిక్ శబ్దాలు వినిపించేవాళ్లం. మెదడు తరంగాలు కూడా అదే లయను అందుకోవాలి. ఈ జబ్బున్నవాళ్లలో సగటున ఆ లయ బలహీనంగా ఉంటుంది.

ఎందుకంటే, నుదుటి వెనకున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్ చూడండి. ఫోన్ నంబర్ విన్నాక నొక్కేదాకా మనసులో పట్టి ఉంచేది ముఖ్యంగా అదే. అక్కడ పార్వాల్బుమిన్ కణాలని కొన్ని ఉంటాయి. గాబా అనే రసాయనం వదిలి పక్క కణాలను ఆపుతూ, వదులుతూ అన్నిటినీ ఒకే తాళంలో నడిపిస్తాయి. చనిపోయిన రోగుల మెదళ్లను పరీక్షించినప్పుడు ఈ కణాల్లో గాబాను తయారుచేసే ఎంజైమ్ తగ్గినట్టు తేలింది. తాళం తప్పితే విన్నది నిలవదు. దీని వెనక గ్లూటమేట్ అనే మరో మెదడు రసాయనాన్ని అందుకునే రిసెప్టర్ల లోపం ఉందని చాలామంది అనుమానం. వాటిని అడ్డుకునే కెటామైన్ అనే మత్తుమందును ఆరోగ్యవంతులకిచ్చినా కాసేపు ఇలాంటి తడబాటే వస్తుంది. మన మందుల్లో ఎక్కువ భాగం పనిచేసేది డోపమైన్ అనే వేరే రసాయనం మీద. అందుకే గొంతులు ఆగినా ఈ మతిమరుపు ఆగదు.

అంకెలు వెనక నుంచి చెప్పించే పరీక్షలో ఒకాయన నాలుగు అంకెల దగ్గరే ఆగిపోయేవాడు. నేను కాగితం మీద 'శ్రద్ధ లేదు' అని రాసుకున్నాను. వెళ్లేముందు ఆయన, "చాలా ప్రయత్నించానండీ, పట్టుకునేలోపే జారిపోతున్నాయి" అన్నాడు. నేను రాసుకున్న ఆ 'శ్రద్ధ లేదు'ను కొట్టేశాను. తమాషా ఏంటంటే, ఆయన ఈఈజీ మామూలుగానే వచ్చింది! తేడా గుంపుల సగటులో కనిపిస్తుంది, ఒక్కరి గీత చూసి ఏమీ తేల్చలేం. కాబట్టి ఎవరైనా ఈఈజీతో దీన్ని తేల్చేస్తామంటే డబ్బు కట్టకండి.

ఇక మందులు. వణుకు, బిగుతు తగ్గడానికి ట్రైహెక్సీఫెనిడిల్ లాంటిది కూడా వాడుతున్నారేమో చూడండి, అది జ్ఞాపకశక్తిని ఇంకా తగ్గించగలదు. మీ అంతట మీరు ఆపకండి, తగ్గించవచ్చా అని డాక్టర్‌ని అడగండి. ఈలోగా మూడు పనులూ ఒకేసారి చెప్పకుండా, చీటీ మీద రాసి ఇవ్వండి.