కెనడా నుంచి వచ్చిన సీటు హీటర్

ప్రశ్న: మాది సాలూరు. మావారికి 52 ఏళ్లు, నడుం నొప్పి మనిషి. మా అమ్మాయిని కోరాపుట్‌లో ఇచ్చాం. నెలకోసారైనా ఘాటెక్కి వెళ్లాలి. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారకుండానే బయల్దేరితే పొట్టంగి చేరేసరికి ఆయన బండి పక్కకి ఆపి నడుం పట్టుకుంటున్నారు. కెనడాలో ఉన్న మా తమ్ముడు రెండు సీట్లకి సరిపడా హీటింగ్ ప్యాడ్లు పంపాడు. వైర్లు, స్విచ్చులు అన్నీ డబ్బాలోనే ఉన్నాయి. మాది 2021 మోడల్ చిన్న పెట్రోలు కారు. ఇక్కడ సీటు కవర్లు కుట్టే ఆయన "అరగంట పనమ్మా, సిగరెట్ లైటర్‌కి తగిలించేద్దాం" అంటున్నాడు. ముందు సీట్లో మా అత్తగారు కూర్చుంటారు. ఆవిడకి పదిహేనేళ్లుగా షుగరు. పెట్టించమంటారా?
— ఒక పాఠకురాలు, సాలూరు

జవాబు: అమ్మా, డాక్టరు దగ్గర జలుబు గురించి పది నిమిషాలు చెప్పి, చెప్పులు వేసుకుంటూ "గుండెలో కూడా కాస్త పట్టేసినట్టుంటోందండీ" అనేవాళ్లుంటారు. మీ ఉత్తరం అలాగే ఉంది. షుగరు సంగతి చిట్టచివర రాశారు. నేను అక్కణ్నుంచే మొదలుపెడతాను. మీ అత్తగారు కూర్చునే సీటుకి వద్దు. మీవారి సీటుకి పెట్టించుకోండి. అయితే అది అరగంట పని కాదు, లైటర్‌కి తగిలించే పని అంతకన్నా కాదు.

షుగరు చాలాకాలంగా ఉన్నవాళ్లకి కాళ్లల్లో స్పర్శ తగ్గిపోవచ్చు. మనకి చురుక్కుమనే వేడి వాళ్లకి తెలియదు. పెనం మీద చెయ్యి పెట్టినట్టు అప్పటికప్పుడే కాలక్కర్లేదు. 44 డిగ్రీల వేడి, అంటే స్నానానికి కాస్త ఎక్కువ కాగిన నీళ్లంత, ఒకేచోట గంటల తరబడి తగిలితే చాలు, చర్మం కమిలిపోతుంది. డాక్టర్లు దీన్ని 1940ల్లోనే తేల్చారు. చలికాలమంతా కుంపటి ముందు కూర్చునే ముసలివాళ్ల కాళ్ల మీద వల పరిచినట్టు గోధుమరంగు గీతలు పడతాయి, చూసే ఉంటారు. సీటు హీటర్ రోజూ వాడే చలిదేశాల వాళ్లకి తొడల వెనక అవే గీతలు వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. పైగా మీ అత్తగారు దారిలో ఓ కునుకు తీస్తారు కదా. నిద్రలో కాలితే ఎవరికి చెప్పుకుంటారు?

రెండో కారణం కారుదే. 2019 జులై 1 తర్వాత తయారైన కార్లకి ముందు కూర్చునే ఇద్దరికీ సీటు బెల్టు గుర్తుచేసే బీప్ తప్పనిసరి. పక్కసీట్లో మనిషి ఉన్నదీ లేనిదీ కారుకి తెలియాలి కాబట్టి, కవరు కింద ఫోమ్ మీద పల్చటి అట్టలాంటి సెన్సర్ ఒకటి ఉంటుంది. ఆ సీట్లో బియ్యం సంచి పెడితే కూడా కుయ్‌కుయ్ మంటుంది చూడండి, దాని పనే. దాని మీద ఇంకో ప్యాడ్ పరిచి కవరు లాగి బిగిస్తే అది నలగొచ్చు. నలిగితే బీప్ ఆగకుండా మోగుతుంది, లేదంటే అసలు మోగదు. మోగితే చిరాకు. మోగకపోతేనే నాకు భయం.

ఇక మీవారి సంగతి. ముందు ఒకటి అడుగుతాను. ఘాటెక్కేటప్పుడు ఏసీ నాబ్‌ని ఎర్రగీత వైపు ఎప్పుడైనా తిప్పారా? మన విజయనగరం జిల్లా వాళ్లు కారు కొన్న రోజు నుంచి అమ్మే రోజు దాకా ఆ నాబ్‌ని నీలం గీత దాటనివ్వరు. (మీరు 2022 ఏప్రిల్ నుంచి మన్యం జిల్లా అయిపోయారు, తెలుసు. నాకింకా నోరు తిరగలేదు.) ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు మోసుకొచ్చే వేడినే ఆ హీటర్ లోపలికి ఊదుతుంది. వృథాగా పోయే వేడే కదా, దానికోసం వేరే పెట్రోలు పోయక్కర్లేదు. ఘాటు మొదలయ్యేసరికి ఇంజను ఎలాగూ వేడెక్కి ఉంటుంది. మీ అత్తగారికి అదీ, ఒక దుప్పటీ చాలు.

కాకపోతే ఆ గాలి కాళ్లకీ మొహానికీ తగులుతుంది గానీ నడుముకి తగలదు. నడుముకి సీటు హీటరే సుఖం, ఆ మాట ఒప్పుకుంటాను. ముప్పై ఏళ్లుగా డాష్‌బోర్డుల కింద వెల్లకిలా పడుకుని వైర్లు వెతికినవాణ్ని, నాకూ ఉంది ఆ నొప్పి. ఇదేం నిన్నా మొన్నా వచ్చిన వస్తువు కూడా కాదు. అమెరికాలో కాడిలాక్ కార్లకి 1966 మోడల్లోనే కావాలంటే పెట్టి ఇచ్చారు.

లైటర్ దగ్గరికి వద్దాం. సీటుకి రెండు ప్యాడ్లుంటాయి, కూర్చునేచోట ఒకటి, వీపుకొకటి. నేను మీటరు పెట్టి చూసినవి రెండూ కలిపి నాలుగు నుంచి అయిదు ఆంపియర్లు లాగాయి. 12 వోల్టుల మీద యాభై, అరవై వాట్లు. రెండు సీట్లంటే పది ఆంపియర్లు. లైటర్ సాకెట్ మూత మీద చాలా కార్లలో 120 వాట్లు అని ఉంటుంది, అంటే సరిగ్గా ఆ పదే. ఒక్క సీటే పెట్టినా, దాని పక్కన రెండు ఫోన్ల చార్జరు, టైర్లకి గాలి కొట్టే మోటారు తగిలించారంటే ఫ్యూజు పోతుంది. ఫ్యూజు పోవడం మంచిదే, దాని ఉద్యోగమే అది. పోయాక మనవాళ్లు చేసే పనే మంచిది కాదు.

కొన్నేళ్ల కిందట ఇలాంటి కిట్టే ఒకాయన మా కొట్టుకి తెచ్చారు. ఆయన ఉద్యోగం పాడేరు వైపు. నవంబరులో నేనే బిగించాను. వైరు సీటు కింద నుంచి లాగి, టైలు కట్టి, బాగా చేశానని మురిసిపోయాను. తప్పు ఎక్కడ జరిగిందంటే, సీటు బాగా వెనక్కి ఉన్నప్పుడు కట్టేశాను. ముందుకి జరిపి చూడలేదు. వాళ్ల డ్రైవరు పొట్టి మనిషి. అతను ఎక్కినప్పుడల్లా సీటు ముందుకి లాగుకుంటాడు, వైరు సీటు జారే పట్టీలో పడి రోజూ కొంచెం నలుగుతుంది. సంక్రాంతి వెళ్లాక ఫ్యూజులు పోవడం మొదలైంది. ఫోన్ చేస్తే తీసుకురమ్మన్నాను, తీరిక లేదన్నారు.

ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున్నే తెచ్చారు. తలుపు తీయగానే కాలిన ప్లాస్టిక్ వాసన. ఫ్యూజు లాగి చూస్తే దాని రెండు కాళ్లకీ కలిపి సిగరెట్ పెట్టె లోపలి వెండి కాయితం చుట్టి ఉంది. "ఊరికే పోతంది గురూ, అందుకే సుట్టీసేను" అన్నాడు డ్రైవరు, నన్ను మెచ్చుకోమన్నట్టు చూస్తూ. సీటు విప్పాను. వైరు మీది ఎర్ర తొడుగు బెత్తెడు పొడవున కరిగి కార్పెట్‌కి అంటుకుపోయింది. కార్పెట్‌లో రూపాయి బిళ్లంత నల్ల చిల్లు. ఆ చిల్లుకి రెండు వేళ్ల దూరంలో పసుపు రంగు కనెక్టరు ఉంది. కార్లో పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థవి. నాకు కాళ్లు చల్లబడ్డాయి. వెండి కాయితం అతనిదే, కానీ వైరు నాది. డబ్బులు తీసుకోకుండా కార్పెట్ వేయించి ఇచ్చాను. అప్పటినుంచి సీటు కింద ఏ పని చేసినా, ముందుకీ వెనక్కీ పదిసార్లు జరిపి టార్చి వేసి చూడందే తాళాలు ఇవ్వను. మీరూ అలాగే, ఈ కొస నుంచి ఆ కొసకి జరిపించి చూడండి.

సీటు కుట్టే ఆయన్ని నేను తక్కువ చేయడం లేదు. సాలూరు లారీల ఊరు. బాడీ కట్టేవాళ్లకీ సీట్లు కుట్టేవాళ్లకీ అక్కడ కొదవేముంది! కవరు చిరగకుండా విప్పడం, ముడత పడకుండా ఎక్కించడం ఆయనే చేయాలి. కరెంటు పని మాత్రం ఆటో ఎలక్ట్రీషియన్‌కి ఇచ్చి, ఇద్దరినీ ఒకే పూట పిలవండి.

ముందుగా డ్రైవరు సీటు వీపుకి, తలుపు వైపు అంచున, ఎయిర్‌బ్యాగ్ అని ఇంగ్లిషులో రాసిన చిన్న గుడ్డముక్క కుట్టి ఉందేమో చూడండి. ఉంటే ఆ సీటు విప్పించొద్దు. ఆ బ్యాగు కుట్టు చీల్చుకుని బయటికి రావాలి. అలాంటి సీటుకి రెగ్జిన్ కవరు తొడిగినా దారి మూసేసినట్టే. దానికి కూర్చునేచోట మాత్రమే పరుచుకునే హీటింగ్ కుషన్ ఒకటి కొనుక్కుని సరిపెట్టుకోవాలి. గుడ్డముక్క లేకపోతే పని మొదలుపెట్టించండి. బ్యాటరీ నెగటివ్ తీసి, అందరూ టీ తాగి వచ్చాకే సీటు కింద చెయ్యి పెట్టమనండి. పసుపు కనెక్టర్ల జోలికి మీటరుతో కూడా పోవద్దు.

ప్యాడ్ ఫోమ్ మీద చాపలా పడుకోవాలి. సీటు మధ్యలో కవరుని లోపలికి లాగి పట్టే గాడి ఉంటుంది, అక్కడ ఇనప రింగులుంటాయి. ప్యాడ్ ఆ గాడిలో మడత పడితే వేడి ఆ మడతలోనే పోగవుతుంది. రింగు ప్యాడ్‌ని గుచ్చుకుంటే మరీ ముప్పు. పొడుగైంది కదా అని కత్తెర తీస్తారు, కాస్త దగ్గరుండి చూసుకోండి. లోపల వైరు తిప్పిన రకమైతే కత్తిరించగానే దాని పని అయిపోతుంది. కార్బన్ రకమైతే, డబ్బాలోని కాయితంలో ఇక్కడ కత్తిరించవచ్చని గీత చూపిస్తేనే, ఆ గీత దగ్గరే.

కరెంటు బ్యాటరీ నుంచే తీసుకోవాలి. 2.5 స్క్వేర్ ఎం.ఎం. వైరు, బ్యాటరీకి జానెడు దూరంలో పది ఆంపియర్ల ఫ్యూజు, ఆ తర్వాత రిలే, అంటే సన్నవైరులో వచ్చే కొద్ది కరెంటుతో పెద్ద వైరుని ఆన్ చేసే స్విచ్చు. రిలేకి వెళ్లే సన్నవైరుని తాళం తిప్పితేనే కరెంటొచ్చే లైనుకి కలపాలి. ఇది మరిచిపోతే ఏమవుతుందో లెక్క చెబుతాను. చిన్న పెట్రోలు కారు బ్యాటరీ సుమారు 35 ఆంపియర్ అవర్లది. గంటకి అయిదు చొప్పున లాగితే ఏడు గంటలు. రాత్రి స్విచ్ ఆపడం మరిచి పడుకున్నారంటే, పొద్దున్నే అల్లుడి చేత కారు తోయించుకోవాలి. బాగుండదు కదా.

బిగించాక మొదటి రోజు ఘాటెక్కొద్దు. ఇంటి ముందే ఇంజను ఆన్‌లో ఉంచి, హై మీద ఇరవై నిమిషాలు వదిలి, కవరంతా అరచేత్తో తడమండి. ఎక్కడైనా ఒకచోట మాత్రమే కాలుతుంటే లోపల మడత ఉన్నట్టే, మళ్లీ విప్పించండి. దారిలో అయితే మొదటి పది నిమిషాలు హై, తర్వాత లో. ఇన్సూరెన్స్ పాలసీలో ఎలక్ట్రికల్ యాక్సెసరీస్ అని వేరే గడి ఉంటుంది, రెన్యువల్ అప్పుడు ఇది రాయించండి.

ఇంకొకటి, దీనికి వైర్లు అక్కర్లేదు. మీవారు పర్సు వెనక జేబులో పెట్టుకుని నడుపుతారా? నాకు తెలిసిన నడుం నొప్పి డ్రైవర్లలో సగం మంది ఒక పిరుదు పైకి, ఒకటి కిందకి పెట్టుకుని కూర్చునేవాళ్లే. అది తీసి డాష్‌బోర్డులో పడేయమనండి. సుంకి దగ్గర టీకి ఆగినప్పుడు అయిదు నిమిషాలు నడిపించండి. మిగిలిన రెండో సెట్టు తమ్ముడికి తిరిగి పంపకండి, స్పేరుగా దాచండి.

ప్రశ్న: మాది ఆమదాలవలస. మధ్యాహ్నం స్టేషన్ దగ్గర కారు పెట్టి వస్తే సీటు మీద కూర్చోలేకపోతున్నాం. లోపల ఫ్యాన్లుండే కుషన్లు అమ్ముతున్నారు. కొనొచ్చా? మా సీట్లకి రెగ్జిన్ కవర్లున్నాయి.
— ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఆ కుషన్‌లో చల్లదనం ఏమీ పుట్టదు బాబూ. కార్లో ఉన్న గాలినే మీ వీపు వెనకనుంచి తిప్పుతుంది. కారు ఎండలో నిలబడి ఉంటే ఆ గాలీ వేడిదే. ఏసీ వేసి పదినిమిషాలయ్యాక మాత్రం హాయిగా ఉంటుంది, చొక్కా వీపుకి అంటుకోదు. దాన్ని రెగ్జిన్ పైన పరుచుకుంటేనే ఉపయోగం. కవరు కింద పెట్టించారంటే గాలి పైకి రావడానికి చిల్లే లేదు, మోటారు మోత వినడమే మిగులుతుంది.

నన్నడిగితే ముందు ఆ రెగ్జిన్ పీకించి బట్ట కవర్లు వేయించండి. అంతవరకు అద్దానికి అడ్డం ఒక అట్ట, సీటు మీద ఒక తెల్ల తువ్వాలు. ఎక్కగానే నాలుగు అద్దాలూ దించి ఒక కిలోమీటరు నడిపి, అప్పుడు ఏసీ వేయండి.