ముందు తమ్ముడికి ఫోన్ చేయండి

"మాది తెనాలి. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నాన్నగారు తెలుగు పండితులుగా రిటైరయ్యారు. కంప్యూటర్లో అను ఫాంట్లతో పద్యాలు టైప్ చేసుకుంటూ ఉంటారు. అమ్మ పోయాక తమ్ముడూ మరదలూ ఆయన దగ్గరే ఉంటున్నారు. వాడికి డీటీపీ షాపుంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ పాత సిస్టంలోని దొంగ విండోస్ 10 తీసేసి, దాని బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం వేశాను. ఫైళ్లన్నీ జాగ్రత్తగా కాపీ చేశాను. పొరపాటున ఏదైనా చెడగొడతారేమోనని అడ్మిన్ పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంచుకుని, ఏం కావాలన్నా ఇక్కణ్నుంచే రిమోట్‌లో చేస్తానన్నాను. నేను వచ్చేసిన కొద్ది రోజులకే తమ్ముడు మళ్లీ పాత విండోస్ ఎక్కించాడు. నాన్నగారు అడ్డు చెప్పలేదు. ఉచితంగా ఇచ్చిన మంచి వస్తువుకు విలువ లేదా? పెద్దవాళ్లకు అలవాటయ్యేలా ఇంకేది వేయాలి? నాన్నగారికి ఎలా నచ్చజెప్పాలి?"

ఇంకేది వేయాలన్నదానికి ఒక్క ముక్కలో జవాబు: మింటే చాలు. ర్యామ్ 4 జీబీకి మించకపోతే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి ఎడిషన్ వేయండి. ఆ ప్రశ్నను ఇక్కడితో వదిలేద్దాం, మీ ఇంట్లో చెడింది కంప్యూటర్ దగ్గర కాదు.

మీ ఉత్తరం మళ్లీ చదువుకోండి. నాన్నగారి పద్యాల గురించి రాశారు, మీరు పడ్డ శ్రమ రాశారు. తమ్ముడు మాత్రం రెండుచోట్లే కనిపించాడు, ఒకచోట షాపు ఓనరుగా, మరోచోట మీ పని చెడగొట్టినవాడిగా. పొద్దస్తమానం తెలుగు టైపింగుతోనే బతికే మనిషి అదే ఇంట్లో ఉండగా, నాన్నగారి సిస్టం విప్పే ముందు అతన్ని ఒక్క మాట అడిగారా? అడిగి ఉంటే రాసేవారు.

అడిగి ఉంటే ఏం చెప్పేవాడో నేను చెబుతాను. అను ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ఏ కంప్యూటరైనా తెలుగును తెలుగుగానే గుర్తుపట్టే ప్రామాణిక పద్ధతిలో చేసినవి కావు. ఇంగ్లిషు అక్షరాలుండాల్సిన స్థానాల్లో తలకట్టునూ గుడినీ ఒత్తునూ ముక్కలుగా పేర్చిన ఏర్పాటు అది. ఆ ఫాంటు లేని మెషీన్లో ఫైలు తెరిస్తే పద్యం ఉండాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాలూ బ్రాకెట్లూ ఏవేవో గుర్తులూ కనిపిస్తాయి. టైప్ చేయడానికి వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్ కోసం చేసినది. ఫైళ్లన్నీ కాపీ చేశానన్నారు, చేశారు, కానీ ఆయన చదువుకోలేని రూపంలో చేశారు. కనుమ మర్నాడు పొద్దున్నే కాఫీ తాగి, కళ్లజోడు సర్దుకుని, సగంలో ఆపిన సీసం తెరిచిన పెద్దాయనకు ఆ గజిబిజి కనబడితే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. పండక్కి వచ్చిన పెద్దకొడుకును నొచ్చుకునేలా చేయడం ఇష్టంలేక మీ ముందు నోరు మెదిపి ఉండరు. మీరు బస్సెక్కాక చిన్నవాడిని పిలిచి ఉంటారు. అతను తండ్రి పద్యాలు తండ్రికి చూపించాడు. మీరు దాన్ని ఎదురుతిరగడం అనుకుంటున్నారు.

కటువుగా ఉన్నా నా నమ్మకం నేను చెప్పాలి. తండ్రి దగ్గర ఉండే బిడ్డకు ఆ ఇంట్లో మొదటి మాట ఉంటుంది. బీపీ మాత్రలు అయిపోవచ్చాయని కనిపెట్టేది, అర్ధరాత్రి దగ్గు విని లేచేది అతనూ మీ మరదలూ. పెద్దవాడిగా పుట్టినందుకో, నాలుగు డబ్బులు ఎక్కువ తెచ్చుకుంటున్నందుకో ఆ మాట మీ చేతికి రాదు. ఏడాదికోసారి వచ్చి ఇల్లు సరిచేసి వెళ్లే అన్నయ్య ముందు, రోజూ ఆ ఇంటిని మోసే తమ్ముడు తనకేమీ తెలియదన్నట్టు నిలబడాల్సి వస్తే అతని ఆత్మాభిమానం ఏం కావాలి?

పాస్‌వర్డ్ సంగతి చదివినప్పుడు ఇంకా బాధ కలిగింది. మీ మింట్‌కు మూలమైన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్ పట్టుదలంతా వాడేవాడి మెషీన్ వాడేవాడి అదుపులోనే ఉండాలని కదా. మీరు ఇంటికి స్వేచ్ఛ తెచ్చి తాళం చెవి బెంగళూరు పట్టుకుపోయారు. ఒక ప్రింటరు తగిలించుకోవాలన్నా ఆ పెద్దాయన కొడుకు మీటింగు అయ్యేదాకా ఆగాలా?

మీరు చెప్పిందాంట్లో న్యాయం లేకపోలేదు. మామూలు విండోస్ 10కు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. దానికి తోడు క్రాక్ చేసిన కాపీ. క్రాక్ ఫైళ్లతో పాటు లోపలికి ఏం దూరుతుందో తెలియదు, అదే సిస్టంలో పెన్షన్ ఖాతా తెరవడం ప్రమాదమే. ఈ మాట తమ్ముడికి తప్పకుండా చెప్పండి, దొంగను నిలదీసినట్టు మాత్రం చెప్పకండి. డీటీపీ వాళ్ల ఇబ్బంది మీకు కొత్త కావచ్చు. పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది, అయినా ఇప్పటికీ దాన్నే పట్టుకుని పనిచేస్తున్న షాపులున్నాయి. ఏళ్ల తరబడి చేసిన పనంతా అందులో ఇరుక్కుపోతే ఒక్క పూటలో బయటికి రావడం ఎవరి తరం?

ఇద్దరూ కూర్చుంటే దారి ఉంది. పాత డిస్కు జోలికి వెళ్లకండి. చిన్న ఎస్‌ఎస్‌డీ డిస్కు ఒకటి కొని మింట్ దానిలో వేయండి. బ్యాంకూ మెయిలూ మింట్‌లో, పద్యాలు పాత విండోస్‌లో నెట్ తీసేసి. అసలు వేసే ముందు పెన్‌డ్రైవ్ మీంచి నడిపి చూపించండి, డిస్కులో ఏమీ మారదు. యూనికోడ్ టైపింగుకు మింట్‌లో ఐబస్ అనే టైపింగ్ సాధనం ఉంది, అందులో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లేఅవుట్‌తో పాటు ఆపిల్ లేఅవుట్ కూడా దొరుకుతుంది. నాన్నగారి వేళ్లకు ఏది దగ్గరగా ఉందో మీ తమ్ముడే ఇట్టే చెప్పగలడు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ ఒత్తులు అక్కడక్కడా తప్పుతాయి. మార్చిన ప్రతి పద్యాన్నీ నాన్నగారు ఒకసారి దిద్దుకోవాలి. పండితులు కదా, ఆ పని ఇష్టంగానే చేస్తారు. మండలి, రామభద్ర, గిడుగు లాంటి ఫాంట్లు ఓపెన్ లైసెన్సుతో ఉచితంగా ఉన్నాయి, ఏది కావాలో ఆయన్నే ఎంచుకోనివ్వండి. పాస్‌వర్డ్ ఆయన డైరీలో రాయండి, తమ్ముడికీ ఇవ్వండి.

ఇదంతా తర్వాత సంగతి. నాన్నగారికి నచ్చజెప్పడం మానేసి ముందు తమ్ముడికి ఫోన్ చేయండి. "నిన్ను అడక్కుండా చేశాను, తప్పు నాదేరా" అనండి, దాని వెనక "కానీ" తగిలించకండి. అతనికి ఇష్టమైతే పెన్‌డ్రైవ్ పంపండి. వద్దంటే ఈ ఏడాదికి వదిలేయండి. బ్యాంకు పని మాత్రం ఆ సిస్టంలో చేయొద్దని నాన్నగారికి ఇద్దరూ కలిసి చెప్పండి.