డౌన్‌లోడ్ మేనేజర్ అడిగిన అల్లుడికి

అల్లుడూ,

ఉబుంటు (విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఫైల్ 90 శాతం దాకా వచ్చాక కరెంటు పోయి మొత్తం మొదటికొచ్చిందని, మళ్లీ పెడితే మళ్లీ అదే వరస అని రాశావు. "ఫ్రీగా దొరికేవాటిలో అన్నిటికన్నా స్పీడ్‌గా దింపేది ఏదో చెప్పు మావయ్యా" అన్నావు. స్పీడ్ సంగతి తర్వాత చూద్దాం. ఆగిన చోటి నుంచే మళ్లీ అందుకునే డౌన్‌లోడ్ మేనేజర్, అంటే ఫైళ్లు దింపిపెట్టే సాఫ్ట్‌వేర్, ముందు కావాలి నీకు. అరగంట ఆలస్యమైతే ఓర్చుకోవచ్చు గానీ, దిగిన ఐదు జీబీ గంగలో కలిస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

స్పీడ్ దగ్గర ఒక లెక్క మాత్రం తెలుసుకో. మీ ఇంటి 40 ఎంబీపీఎస్ ప్లాన్ అంటే సెకనుకు 40 మెగాబిట్లు. డౌన్‌లోడ్ అవుతున్నప్పుడు కనిపించేవి మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి, లైన్ నిండుగా పనిచేస్తే నీకు వచ్చేది సెకనుకు 5 ఎంబీ. బ్రౌజర్‌లోనే నాలుగున్నర చూపిస్తుంటే ఏ మేనేజర్ పెట్టినా కొత్తగా ఒరిగేదేమీ లేదు. అర ఎంబీ దగ్గర ఈడుస్తుంటే మాత్రం మేనేజర్‌తో లాభం ఉండొచ్చు. కొన్ని సర్వర్లు ఒక్కో కనెక్షన్‌కి ఇంతే అని కోత పెడతాయి. మేనేజర్ ఫైల్‌ని ముక్కలు చేసి, నాలుగైదు కనెక్షన్ల మీద ఒకేసారి లాగి, చివర్లో అతుకుతుంది. పెళ్లి పంక్తిలో ఒక్కడే వడ్డించే చోట నలుగురు దిగినట్టన్నమాట. వంటశాలలో అన్నమే ఉడక్కపోతే ఆ నలుగురూ గరిటెలు పట్టుకుని నిలబడాల్సిందే.

ఇదేమీ కొత్త విద్య కాదు. 1997లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1లోనే (బ్రౌజరూ సర్వరూ మాట్లాడుకునే పద్ధతి అది) "ఫలానా బైటు నుంచి ఫలానా బైటు దాకా పంపు" అని అడిగే వీలు ఉంది. సర్వర్ ఒప్పుకుంటే 206 అనే కోడ్‌తో ఆ ముక్క వరకే పంపుతుంది. ఒప్పుకోకపోతే అడిగినప్పుడల్లా మొదటి నుంచీ మొత్తం పంపుతుంది. అలాంటి చోట ముక్కలూ కుదరవు, ఆగిన చోటి నుంచి అందుకోవడమూ కుదరదు. అది సర్వర్ తప్పు, సాఫ్ట్‌వేర్‌ని తిట్టి లాభం లేదు. అందుకే పెద్ద ఫైల్ ఏది మొదలుపెట్టినా యాభై, వంద ఎంబీ రాగానే పాజ్ కొట్టి, మళ్లీ రెజ్యూమ్ నొక్కి చూడు. అంకె అక్కడి నుంచే కదిలితే నిశ్చింతగా వదిలేయొచ్చు. సున్నాకి పడిపోతే వేరే మిర్రర్, అంటే అదే ఫైల్ ఉన్న ఇంకో సర్వర్, వెతుక్కో.

ఇక ఏది పెట్టుకోవాలంటే, విండోస్ మీద నీకు ఫ్రీ డౌన్‌లోడ్ మేనేజర్, అందరూ ఎఫ్‌డీఎం అనేది, సరిపోతుంది. మామూలు లింకులూ టారెంట్లూ (ఒక్క సర్వర్ నుంచి కాకుండా, అదే ఫైల్ ఉన్న చాలామంది కంప్యూటర్ల నుంచి ముక్కలుగా దింపే పద్ధతి) రెండూ లాగుతుంది, రాత్రి ఫలానా టైమ్‌కి మొదలవ్వమని షెడ్యూల్ కూడా పెట్టుకోవచ్చు. ఒక పేజీలో ముప్పై నలభై లింకులు ఉండి అన్నీ కావాలంటే జేడౌన్‌లోడర్ మంచిది. కాస్త బరువైన సాఫ్ట్‌వేర్, జావా మీద నడుస్తుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఏదైనా అదనపు ఆఫర్ చూపిస్తే వద్దని కొట్టెయ్. నాకైతే ఆరియా2 అంటే ఇష్టం. ఓపెన్ సోర్స్, చిన్న ప్రోగ్రాం, కమాండ్ లైన్‌లో, అంటే బటన్లు లేకుండా ఆదేశాలు టైప్ చేస్తే, పనిచేస్తుంది. బటన్లు లేనిదే చెయ్యి ఆడదంటే దాని మీదే కట్టిన మోట్రిక్స్ ఉంది.

మీ ఊళ్లో రిపేర్ షాపుకి వెళితే ఐడీఎం (ఇంటర్నెట్ డౌన్‌లోడ్ మేనేజర్) వేసిస్తానంటారు చూడు, ఒప్పుకోకు. ఐడీఎం మంచిదే, కాదనను. కానీ అది డబ్బులు పెట్టి కొనాల్సింది, ఫ్రీగా వాడుకోనిచ్చేది 30 రోజులే. షాపుల్లో ఉచితంగా వేసేది క్రాక్, అంటే తాళం పగలగొట్టిన దొంగ కాపీ. యాంటీవైరస్ ఆపేసి మరీ ఎక్కించమంటుందంటేనే అర్థం చేసుకో. ఫ్రీ అని సంబరపడితే అసలుకే ఎసరు. మీ అమ్మ నెట్ బ్యాంకింగ్ చేసేది కూడా ఆ ల్యాప్‌టాప్‌లోనే కదా.

అసలు సైట్ నుంచే దింపాం, ఇంకేం భయం అనీ అనుకోకు. ఎఫ్‌డీఎం విషయంలోనే 2023 సెప్టెంబర్‌లో యాంటీవైరస్ కంపెనీ కాస్పర్‌స్కీ వాళ్లు ఒకటి బయటపెట్టారు. 2020 నుంచి 2022 దాకా ఆ అధికారిక సైట్‌కి లినక్స్ (ఉబుంటు కూడా ఇందులో ఒక రకమే) వెర్షన్ కోసం వెళ్లినవాళ్లలో కొందరిని దొంగ సర్వర్‌కి మళ్లించారు. అక్కడ దిగిన ప్యాకేజీ సేవ్ చేసిన పాస్‌వర్డులు, క్రిప్టో వాలెట్ ఫైళ్లు దొంగిలించేది. అందరికీ కాకుండా కొందరికే ఆ దొంగ లింకు వెళ్లేది కాబట్టే అన్నాళ్లు ఎవరి కంటా పడలేదు. సైట్‌లోకి చొరబాటు జరిగిన మాట నిజమేనని కంపెనీ కూడా ఒప్పుకుంది. దెబ్బ తగిలింది లినక్స్ వాళ్లకి, విండోస్ వాళ్లకి కాదు. అయినా నువ్వు రేపు ఉబుంటులోకి మారుతున్నావు గనక చెబుతున్నా. అక్కడ బయటి సైట్ల నుంచి డెబ్ ఫైళ్లు (ఉబుంటులో సాఫ్ట్‌వేర్ ఎక్కించే ప్యాకేజీలు) తెచ్చుకోకుండా, ఉబుంటు సొంత రిపాజిటరీలో, అంటే వాళ్ల సాఫ్ట్‌వేర్ భండారంలో, ఉన్న ఆరియా2నో యూగెట్‌నో వేసుకో.

ఉబుంటు ఫైల్‌కి కూడా ఇదే జాగ్రత్త. 2016 ఫిబ్రవరిలో ఉబుంటు లాంటిదే అయిన లినక్స్ మింట్ సైట్‌ని హ్యాక్ చేసి ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ చేసుకునే ఫైల్) లింకులనే మార్చేశారు. అందుకని దిగాక హ్యాష్, అంటే ఫైల్‌కి వేలిముద్ర లాంటి కోడ్, సరిచూడు. ఉబుంటు వాళ్లు ప్రతి ఫైల్‌కీ ఎస్‌హెచ్‌ఏ256 అనే 64 అక్షరాల వరస ఇస్తారు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో సర్ట్‌యుటిల్ కమాండ్‌తో నీ ఫైల్‌కి కూడా అదే తీయొచ్చు. మొదటి నాలుగు అక్షరాలు చూసి సరే అనుకోకుండా రెండిటినీ నోట్‌ప్యాడ్‌లో కిందా పైనా అతికించి చూడు, తేడా ఉంటే ఇట్టే తెలుస్తుంది. ముక్కలు అతికేటప్పుడు పొరపాటు జరిగినా ఇక్కడే దొరుకుతుంది. ఇన్‌స్టాల్ సగంలో ఎర్రర్ వచ్చి టెన్షన్ పడేకంటే ఈ రెండు నిమిషాలు నయం.

ఇంతా చెప్పి, ఈ ఒక్క ఫైల్‌కి నేనైతే ఉబుంటు వాళ్లే ఇచ్చే టారెంట్ పెడతాను. టారెంట్‌లో ప్రతి ముక్కకీ విడిగా హ్యాష్ ఉంటుంది, పాడైన ముక్క మళ్లీ దానంతటదే దిగుతుంది. కరెంటు ఎన్నిసార్లు పోయినా బెంగ లేదు. దిగాక మాత్రం ఆపెయ్. లేకపోతే నీ దగ్గర్నుంచి అప్‌లోడ్ అవుతూనే ఉంటుంది, చాలా ప్లాన్లలో అది కూడా నెల డేటా లెక్కలోకే వస్తుంది. తాతయ్యకి దింపే పాత తెలుగు పుస్తకాలకీ ఇదే దారి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు ఆర్కైవ్ సైట్‌లో బోలెడు ఉన్నాయి, పుస్తకం పేజీలో పీడీఎఫ్ పక్కన టారెంట్ కూడా ఇస్తారు. మామూలు లింకుతోనే లాగితే రెండు మూడు కనెక్షన్లు చాలు. ఉచితంగా పెట్టినవాళ్ల సర్వర్ మీద పదహారు కనెక్షన్లతో పడటం మర్యాద కాదు, కొన్ని సైట్లు అలాంటివాళ్లని బ్లాక్ చేస్తాయి కూడా.

లాగిన్ అయ్యి దింపే ఫైళ్లు, నీ కోచింగ్ వాళ్ల జిప్‌ల లాంటివి, ఇంకో రకం. వాటి లింకులకి కొన్ని గంటలే ఆయుష్షు. పొద్దున లేచి రెజ్యూమ్ నొక్కితే ఎర్రర్ వస్తుంది. కంగారుపడి సగం ఫైల్‌ని డిలీట్ చెయ్యకు. మళ్లీ లాగిన్ అయ్యి కొత్త లింకు తీసుకుని, మేనేజర్‌లో ఆ పాత డౌన్‌లోడ్‌కే అడ్రస్ మార్చే వీలుందేమో చూడు. ఉంటే మిగతాది దిగిపోతుంది.

మేనేజర్ తన ఎక్స్‌టెన్షన్‌ని (బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాం) బ్రౌజర్‌లో వేయమని అడిగితే వెంటనే ఊఁ అనకు. అన్ని వెబ్‌సైట్లలోని డేటా చదివే అనుమతి అడుగుతుంది అది. లింకు కాపీ చేసి మేనేజర్‌లో పేస్ట్ చేయడం ఏమంత కష్టం? రాత్రి వదిలేసేటప్పుడు ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి పోకుండా సెట్టింగ్ మార్చు. రౌటర్‌కి చిన్న యూపీఎస్ దొరుకుతుంది, అది కొంటానంటే సగం డబ్బులు నేనిస్తా.

దసరాకి వచ్చేటప్పుడు ఆ ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో తెస్తానన్నావు. అది ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ దానిలోకి ఎక్కదు, ఎంత ఖాళీ ఉన్నా సరే. లోపల ఉన్నవి పక్కకి తీసిపెట్టుకుని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి తీసుకురా.

మీ మావయ్య