పాత కాలంలో వికలాంగుల్ని ఇప్పటికంటే బాగా చూసుకునేవారా?

ఉమ్మడి కుటుంబాల రోజుల్లో వికలాంగులకు ఏ లోటూ ఉండేది కాదు, ఈ పెన్షన్లూ రిజర్వేషన్లూ అక్కర్లేకుండానే గడిచిపోయేది అని ప్రశ్నలోనే తేల్చేశారు. పోలియో కాలితో అలాంటి ఇంట్లోనే పెరిగాను కాబట్టి చెప్తున్నా, లోటు అన్నంలో ఉండేది కాదండీ, ఆస్తిలో ఉండేది.

నాన్న పోయాక పొలం పంపకాలకు పెద్దమనుషులు మా వసారాలో కూర్చున్నారు. మా బాబాయి "వాడికి పొలం దేనికి, గట్టెక్కగలడా పుట్టెక్కగలడా, అన్నల్లో ఎవరో ఒకరు ఇంత ముద్ద పెడతారు" అన్నాడు. ఒక్కరూ కాదనలేదు. నేను అక్కడే కుర్చీలో ఉన్నాను, డిగ్రీ చదువుతున్నాను, నన్ను జాలిగా చూశారే తప్ప నీ మాటేంట్రా అని అడిగినవాడు లేడు. అమ్మ గుమ్మంలోకొచ్చి "ఏ రోజు ఎవరి అరుగు మీద కూర్చోవాలో అది కూడా ఆ కాగితంలో రాయండి మరి" అంది. అప్పుడు మళ్ళీ వాటాలు వేశారు. నాకు చెరువు కింద మాగాణి కాకుండా మెట్ట తగిలించారు, అది వేరే ఏడుపు.

ఇది మా బాబాయి సొంత తెలివేం కాదు. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలోనే ఉంది, గుడ్డి, చెవిటి, మూగవాళ్ళకు ఆస్తిలో భాగం లేదు, తిండీ బట్టా ఇస్తే చాలని. ధృతరాష్ట్రుణ్ణి పక్కనపెట్టి తమ్ముడికి రాజ్యం కట్టబెట్టిందీ ఆ లెక్కనే. బ్రిటిష్ కోర్టులు కూడా ఆ శాస్త్రాలే పట్టుకుని తీర్పులిచ్చాయి. 1928లో చట్టం మార్చారు గానీ పుట్టుకతో మతిస్థిమితం లేనివాళ్ళను అప్పుడూ వాటా లేకుండానే వదిలేశారు. జబ్బు, అవిటితనం పేరు చెప్పి వారసత్వం ఆపకూడదని 1956 హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్‌లో రాసేదాకా ఇదే కథ. అది మా వసారా దాకా రానే లేదనుకోండి. పోనీ తెల్లవాళ్ళు నయమా అంటే, చూడ్డానికి బాగోని అంగవైకల్యంతో వీధిలో కనబడితే జరిమానా అని షికాగోలో 1881లో పెట్టుకున్న రూలు 1974 దాకా తీయలేదు!

నా ఉద్యోగం 1995 వికలాంగుల చట్టం ఇచ్చిన 3 శాతం రిజర్వేషన్లోది. 2016లో దాన్ని 4 చేశారు. కోటా అని వెనక నవ్వేవాళ్ళున్నారు, నవ్వుకోనీండి, జీతం నా ఖాతాలోనే పడుతుంది, ఎవరి ముద్దా అక్కర్లేదు.

ర్యాంపుల సంగతి మాత్రం అడక్కండి. మా ఆఫీసు ర్యాంపు మీద బైకులు పెడతారు. తీయమంటే "మీరు ఎలాగో మెట్లెక్కేస్తారు కదా సార్" అంటారు.